చాబీ తిప్పే ముందు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎందరో అధికారులకు ప్రసంగాలు రాసి ఇచ్చాను గాని, మైకు ముందు నిలబడడం ఇదే మొదలు. కార్యదర్శి గారు వారం కిందట ఫోన్ చేసి, "డిసెంబరు 17 అంటే అందరూ నకారా తీర్పు గురించే మాట్లాడుతారు, మీరు వేరే ఏదైనా పనికొచ్చే విషయం చెప్పండి" అన్నారు. 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు పనికిరానిదని వారి ఉద్దేశం కాదు లెండి. దాని పుణ్యమే మనం ఈ రోజు ఇక్కడ కూర్చున్నాం. కానీ ఆ సంగతి నాకంటే బాగా చెప్పేవారు ఈ సభలో పదిమంది ఉన్నారు.

నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న విషయం ఒకటుంది. కారు ఇంజన్‌లో టైమింగ్ బెల్టు జారితే, లోపల దెబ్బ తగిలిందా లేదా, తగిలితే ఎంత, అది ఎట్లా తేల్చుకోవాలి అన్నది. లోపలికి వస్తూ ఈ హాలు ముందు ఆగి ఉన్న కార్లు లెక్కబెట్టాను. పదకొండు. అందులో సగానికి పైగా మన వయసువాళ్లు నడిపేవే. వారానికి ఒకసారి గుడికో, దవాఖానకో, పెన్షన్ పనికో తీసేవే. అసలు ప్రమాదం అట్లాంటి కార్లకే ఎక్కువ. ఎందుకో తరువాత చెబుతాను.

నేను ఇంజనీరును కాను. 1974లో తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ని. మోటారుతో నాకున్న సంబంధమల్లా ఆఫీసు జీపు లాగ్‌బుక్. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు పోశారు, రెండూ పొత్తు కుదురుతున్నాయా లేదా అని చూసేవాణ్ని. కుదరకపోతే డ్రైవరును నిలదీసేవాణ్ని. కాగితం లేకుండా ఎవరేం చెప్పినా నమ్మేవాణ్ని కాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

రిటైరైన మూడేళ్లకు, 2011లో, ఒక పాత డీజిల్ కారు కొన్నాను. కారు పేరు చెప్పను, జరిగిన దాంట్లో కంపెనీ తప్పేమీ లేదు. 2007 తయారీ. అమ్మినాయన, "బెల్టు ఈ మధ్యనే మార్పించాను సార్, మీకు ఇక చూసుకోనక్కర లేదు" అన్నాడు. పట్టా నకలు లేనిదే సొంత బావమరిది మాట కూడా నమ్మని నేను, ఆ మాట నమ్మాను. బిల్లు ఏదీ అని అడగలేదు.

2017 డిసెంబరు. పొద్దున ఆరు గంటలు. మోమిన్‌పేటలో ఆ రోజు చలి గట్టిగా ఉంది. మా ఆమెకు కంటి శుక్లం చూపించడానికి వికారాబాద్ పోవాలి. చాబీ తిప్పాను. బండి లేచింది. లేచిన రెండు క్షణాలకు ముందు నుంచి టక్కుమని ఒక శబ్దం, ఇంజన్ అంతా ఒక్కసారి వణికి ఆగిపోయింది. మళ్లీ చాబీ తిప్పాను. మళ్లీ తిప్పాను. ఏడెనిమిది సార్లు సెల్ఫ్ కొట్టాను. బ్యాటరీ నీరసపడింది. అప్పుడు బడికి పోయే పిల్లలను నలుగురిని పిలిచి, రెండో గేరులో పెట్టి, సడక్ దాకా నూకించాను. బండి నాలుగు సార్లు ఎగిరి, లోపల ఏదో నలిగినట్టు చప్పుడు చేసి, కదలనని కూర్చుంది. వెనక్కి తిరిగి చూస్తే మా ఆమె లేదు. "ఇది లేసేటాలకు డాక్టరు ఇంటికి పోతడు" అని పక్కింటి ఆమెను తోడు తీసుకుని బస్సెక్కి పోయింది. కళ్లు చూపించుకుని, తారీఖు వేయించుకుని, మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగొచ్చింది. నేనింకా బానెట్ తెరిచి చూస్తూనే ఉన్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పు ఇంకొకటుంది. ముందు రోజు సాయంత్రం మా చిన్నబ్బాయి ఆ కారు వేసుకుని సదాశివపేట పోయి వచ్చాడు. పొద్దున్నే మొదటి బస్సుకు పట్నం వెళ్లిపోయాడు. నేను ఫోన్ చేసి, "రాత్రి ఎట్ల తోలినవో గాని ఇంజన్ ఖరాబు చేసి పెట్టి పోయినవు" అన్నాను. వాడు ఒక్క మాట చెప్పబోయాడు, నేను విననే లేదు. విచారణ లేదు, సంజాయిషీ లేదు, నేరుగా శిక్ష. సర్వీసులో నా చేతుల మీదుగా ఎన్నో క్రమశిక్షణ ఫైళ్లు పోయాయి. అభియోగం, సాక్ష్యం, సంజాయిషీ లేకుండా ఒక్క అటెండరుకు కూడా శిక్ష పడకూడదని నోట్ ఫైలులో రాసినవాణ్ని నేను. ఆ సంక్రాంతికి వాడు ఇంటికి రాలేదు.

ఇప్పుడు బెల్టు సంగతికి వస్తాను. ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది, పిస్టన్లను పైకీ కిందికీ ఆడించేది. పైన కామ్ షాఫ్ట్ ఉంటుంది, వాల్వులను తెరిచి మూసేది. వాల్వులు మన కచేరీలో ఇన్‌వర్డు, అవుట్‌వర్డు వంటివి. ఒకటి గాలిని లోపలికి తీసుకుంటుంది, ఒకటి పొగను బయటికి పంపుతుంది. కింది షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఈ రెంటినీ జతపరిచేదే పళ్లున్న రబ్బరు బెల్టు. బండి ఊరికే నిలబడి నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నా ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేటప్పటికి వాల్వు దారి తప్పుకోవాలి. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దానికీ పైకప్పుకీ మధ్య రూపాయి బిళ్ల పట్టేంత సందు కూడా ఉండదు.

మనం చూసిన అంబాసిడర్లలో బెల్టు లేదు, గొలుసు ఉండేది. గొలుసు సాగితే గలగల చప్పుడు చేసి ముందే చెబుతుంది. బెల్టు చెప్పదు. 1962లో జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ 1004 అనే కారులో ఈ పళ్ల బెల్టు పెట్టింది. చప్పుడు లేదు, నూనె అక్కర లేదు, చవక. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800కు బెల్టే, 1998లో వచ్చిన శాంత్రోకు, ఇండికా డీజిల్‌కు బెల్టే. తరువాతి కార్లలో మళ్లీ గొలుసు చాలా వరకు తిరిగొచ్చింది. మీ బండికి ఏదుందో మీకు తెలియకపోతే, బండి పుస్తకం చూడండి, లేదా మెకానిక్‌ను అడగండి. బ్యాటరీ కార్లవాళ్లకు ఈ బాధే లేదు, వారు ఈ పూట చాయ్ తాగి రావచ్చు.

బెల్టు తెగడం వేరు, జారడం వేరు. తెగితే ఇంజన్ ఠక్కున ఆగుతుంది, సందేహం ఉండదు. జారడం అంటే పళ్ల మీద నుంచి ఒకటి రెండు పళ్లు దాటి కూర్చోవడం. కింది చక్రానికి 20 పళ్లు ఉన్నాయనుకోండి, ఒక్క పన్ను జారితే 18 డిగ్రీల తేడా వచ్చినట్టు. ఒక పన్ను జారితే చాలా బండ్లు నడుస్తూనే ఉంటాయి, కాకపోతే లేవడానికి మొరాయిస్తాయి, ఊగుతాయి, గుట్ట ఎక్కవు, పొగ కక్కుతాయి. రెండు మూడు పళ్లు జారితే వాల్వు పిస్టన్‌కు ఎదురుపడే ప్రమాదం ఉంది. కొన్ని పెట్రోలు ఇంజన్లలో రెంటికీ మధ్య సందు ఎక్కువ, బెల్టు తెగినా తగలవు. అట్లాంటి బండికి కొత్త బెల్టు వేసి గుర్తులు కలిపితే సరిపోతుంది. డీజిల్‌లో ఆ ఆశ పెట్టుకోకూడదు.

నా కారు మూడు వారాలు వాకిట్లోనే ఉంది. పట్నంలో ఒక షెడ్డుకు ఫోన్ చేస్తే, బండిని చూడకుండానే, "ఇంజన్ మొత్తం పోయి ఉంటుంది, 90 వేలు అవుతుంది" అన్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తెంపుదామా అని కూడా అనుకున్నాను. చివరికి మా ఊళ్లోనే ట్రాక్టర్లు, ఆటోలు బాగుచేసే మిస్త్రీని పిలిచాను. నలభై ఏళ్లవాడు, మాట తక్కువ. వచ్చీ రాగానే నేను అలవాటు కొద్దీ చాబీ పెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు.

"సారూ, ఇగ చాబీ ముట్టకుండ్రి. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టిండ్రు?"

"ఏడెనిమిది సార్లు, తమ్మీ."

"నూకించిండ్రా?"

నేను జవాబు చెప్పలేదు. వాడికి అర్థమయింది.

బండిని న్యూట్రల్‌లో పెట్టి, ట్రాక్టరుకు తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోయాం. గేరులో పెట్టి లాగితే చక్రాలతో పాటు ఇంజన్ తిరుగుతుంది, ఇంకా దెబ్బలు తగులుతాయి. నేను నూకించినప్పుడు చేసింది సరిగ్గా అదే పని.

షెడ్డులో మొదట బెల్టు మీది మూత విప్పాడు. చక్రాల మీద, ఇంజన్ మీద గుర్తులుంటాయి, అవి ఎదురెదురుగా రావాలి. పై గుర్తు మూడు పళ్లు తప్పి ఉంది. బెల్టు కొత్తగానే ఉంది, ఒక్క పన్ను కూడా ఊడలేదు. అమ్మినాయన అబద్ధం చెప్పలేదన్నమాట. తరువాత బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ అనే చిన్న చక్రాన్ని వేలితో తిప్పాడు. గరగర. పక్కకు ఊపితే ఊగింది. "బెల్టు మార్చిండ్రు, దీన్ని ఇడిసిపెట్టిండ్రు" అన్నాడు. కొత్త బెల్టు, పదేళ్ల పాత టెన్షనర్. లోపల గ్రీజు ఎండిపోయింది. చలికి బిగుసుకున్న ఇంజన్ లేచేటప్పుడు బెల్టు మీద పడే గుంజుడుకు అది వదులయింది, బెల్టు పళ్లు దాటింది.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. సదాశివపేట రోడ్డు మీద వాడు ఎట్లా తోలాడన్నదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ చాలా షెడ్లలో జరిగేదేమిటంటే, గుర్తులు తప్పాయని తెలియగానే హెడ్ విప్పేస్తారు, లేదా ఇంజన్ మార్చాలంటారు. మా మిస్త్రీ అట్లా చేయలేదు. చేతి పానాతో క్రాంక్‌ను, కామ్‌ను మెల్లగా తిప్పి గుర్తులు కలిపి, టెన్షనర్, బెల్టు తాత్కాలికంగా బిగించాడు. తరువాత క్రాంక్ బోల్టుకు పానా వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాడు. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగాలి, బలవంతం చేయకూడదు. తగల్లేదు. రెండు చుట్ల తరువాత గుర్తులు మళ్లీ చూశాడు, కుదిరాయి.

అప్పుడు బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించాడు. నీరసపు బ్యాటరీతో కంప్రెషన్ చూస్తే అన్నీ తక్కువే చూపిస్తుందట. డీజిల్ పోకుండా పంపు వైరు తీసేశాడు. గ్లో ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రంలో గేజి బిగించి, ఒక్కో సిలిండరుకు సెల్ఫ్ కొట్టించాడు. నేను పెన్ను కాగితం తీసుకుని రాసుకున్నాను, అది నా పని కదా. 1వది 380. 2వది 375. 3వది 60. 4వది 370. పాత రకం డీజిల్‌లో 350 నుంచి 450 దాకా ఉంటే మంచిదని, పెట్రోలు బండికి 150 నుంచి 180 చాలని చెప్పాడు. ఒక్కో బండికి లెక్క వేరు, పుస్తకంలో ఉంటుంది. అసలు అంకె కంటే ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడా చూడాలి. చెవికి కూడా తెలిసింది. సెల్ఫ్ కొడుతుంటే మూడు దరువులు బరువుగా, నాలుగోది ఖాళీగా పోయింది. ఆ పొద్దున నేను ఏడెనిమిది సార్లు కొట్టినప్పుడు ఈ తేడా వినబడే ఉండాలి. నా చెవులు పెట్టలేదు.

మూడో సిలిండరులో గాలి ఎక్కడికి పోతోంది? వాల్వు వంగిందా, పిస్టన్ రింగులు పోయాయా, గాస్కెట్టా? దీనికి వాడు చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. పాత గ్లో ప్లగ్గు లోపలి సరుకు తీసేసి, దానికి ట్యూబు వాల్వు అతికించి తయారుచేసుకున్న ముక్క ఒకటి వాడి డబ్బాలో ఉంది. మూడో పిస్టన్‌ను, రెండు వాల్వులూ మూసుకుని ఉండాల్సిన చోట, పైకి తెచ్చాడు. బండిని గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాడు. లేకపోతే గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి పోతుంది. పక్కనున్న పంక్చరు దుకాణం నుంచి గాలి పైపు తెచ్చి తగిలించాడు. "సారూ, మీరు చెవి పెట్టుండ్రి" అన్నాడు.

నూనె పోసే మూత దగ్గర చెవి పెట్టాను. అక్కడ బుసబుసమంటే పిస్టనో రింగులో పోయినట్టు. నిశ్శబ్దం. రేడియేటర్ మూత తీసి చూశాను. బుడగలొస్తే హెడ్ గాస్కెట్టు పోయినట్టు. ఒక్క బుడగ రాలేదు. గాలి ఫిల్టరు గొట్టం దగ్గర వింటే సన్నగా ఈల. అంటే లోపలికి తీసుకునే వాల్వు కొద్దిగా వంగింది. వెనక్కి పోయి సైలెన్సర్ దగ్గర వంగితే, మూడు గజాల దూరం నుంచే బుస్సుమని వినబడింది. పొగ పంపే వాల్వు బాగా వంగింది. డెబ్బైకి దగ్గరపడుతున్న వయసులో నేల మీద మోకాళ్లూని సైలెన్సర్ గొట్టానికి చెవి పెట్టి వింటున్న నన్ను చూసి అటు పోయే పిల్లలు నవ్వారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు కారు నూకినవాళ్లే.

పరీక్షలన్నిటికీ ఒక పూట పట్టింది, వాడు తీసుకున్నది 500 రూపాయలు. ఆ 500తో మనకు తెలిసింది ఇది: కింది సగం ఇంజన్‌కు ఏమీ కాలేదు, గాస్కెట్టు బాగుంది, మూడో సిలిండరు వాల్వులే వంగాయి. 90 వేల మాట అక్కడితో పోయింది.

ఆ రాత్రి చిన్నబ్బాయికి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక, నేను రాసుకున్న కాగితం తీసి చదివాను. 380, 375, 60, 370. టెన్షనర్ పాతది. మూడు పళ్లు జారింది. వాడు అంతా విని, "నేను ఆ రోజు అదే చెప్దామనుకున్న బాపూ. సదాశివపేటల ఆపినప్పుడు ముందల నుంచి గరగర వస్తుండె, పొద్దుగాల చెప్తమనుకున్న, మీరు పండుకుండిరి" అన్నాడు. నేను ఫోన్‌లో వాణ్ని ఆ మాటే పూర్తి చేయనీయలేదు.

శనివారం వచ్చాడు. హెడ్ విప్పాక గోనెసంచిలో చుట్టి, వాడే భుజాన వేసుకున్నాడు. వికారాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి రైల్లో తాండూరు. అక్కడ నేను రెండేళ్లు పనిచేశాను, నాకు తెలిసిన లేతు షెడ్డు ఒకటుంది. ఆయన హెడ్డును తిరగేసి కిరసనాయిలు పోశాడు. మూడో గుంటలోంచి కారిపోయింది, మిగతావి నిలబడ్డాయి. గేజి చెప్పింది, గాలి చెప్పింది, ఇప్పుడు కిరసనాయిలూ అదే చెప్పింది. వాల్వులన్నీ తీసి గాజు పలక మీద దొర్లిస్తే ఆ రెండే ఊగుతూ దొర్లాయి. కామ్ షాఫ్ట్‌ను, హెడ్ అడుగు చదునును కూడా చూసి బాగున్నాయన్నాడు. కొత్త వాల్వులు రెండు, సీట్లు రుద్దడం, మళ్లీ కిరసనాయిలు పోసి పావుగంట చూడడం. చుక్క కారలేదు. వాల్వులు, గాస్కెట్టు, హెడ్ బోల్టులు, ఈసారి బెల్టుతో పాటు టెన్షనరు, నీళ్ల పంపు, కూలి అంతా కలిపి 14,600 రూపాయలు. బిల్లు నా దగ్గర ఉంది.

విప్పినప్పుడు మూడో పిస్టన్ నెత్తి మీద నెలవంకల్లాంటి గాట్లు రెండు మూడు కనబడ్డాయి. లోతు లేవు, పిస్టన్ మార్చనక్కర లేదన్నాడు మిస్త్రీ. నేను అడిగాను, "ఇందులో బెల్టు జారినప్పుడు పడ్డదెన్ని, నేను సెల్ఫ్ కొట్టి నూకించినప్పుడు పడ్డవెన్ని, తమ్మీ?"

"దానికి టెస్టు లేదు సారూ" అన్నాడు.

చెబుతానన్న సంగతి ఒకటి బాకీ ఉంది. నా కారు అప్పటికి 61 వేల కిలోమీటర్లే తిరిగింది. నేను జీపు లాగ్‌బుక్ రాసినట్టే కిలోమీటర్లు లెక్కబెట్టుకుని, ఇంకా టైముంది అనుకున్నాను. కానీ బెల్టు రబ్బరు, దాని లోపల గాజునార పోగులు, టెన్షనర్ లోపలి గ్రీజు, ఇవి తిరిగినా తిరగకపోయినా ముసలివవుతాయి. కంపెనీవాళ్లు బెల్టుకు గడువు చెప్పేటప్పుడు ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అది, అని రాస్తారు. మనబోటి వాళ్లకు ఏళ్లే ముందొస్తాయి. నూనె కారి బెల్టు మీద పడ్డా అది పాడవుతుంది, కాబట్టి మూత దగ్గర తడి కనబడితే చూపించండి. మనం ఏటా జీవన ప్రమాణ పత్రం ఇస్తున్నాం కదా, ఆ నెలలోనే బండి బెల్టు ఎప్పటిది, టెన్షనర్ ఎప్పటిది అని కూడా ఒకసారి చూసుకుంటే సరి. పాత బండి కొనేటప్పుడు బెల్టు మార్చామంటే బిల్లు అడగండి. బిల్లులో టెన్షనర్ పేరు ఉందో లేదో చదవండి.

చలికాలం పొద్దున టక్కుమని శబ్దం వచ్చి బండి ఆగితే ఏం చేయాలని ఇందాక బయట ఒక మిత్రులు అడిగారు. చాబీ తీసి జేబులో వేసుకోండి. బస్సెక్కండి. మా ఆమె చేసింది అదే.

ఆమెకు ఆ ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు నాకంటే బాగా చూస్తుంది. కారు ఇంకా నడుస్తోంది, ఈ రోజు దాంట్లోనే వచ్చాను. 2023లో మళ్లీ బెల్టు, టెన్షనర్ మార్పించాను, కిలోమీటర్లు కాకపోయినా ఏళ్లయ్యాయని. బానెట్ లోపల ఒక చీటీ అతికించి ఉంది, మార్చిన తారీఖు, కిలోమీటర్లు, మళ్లీ ఎప్పుడు మార్చాలో. ఎవరికైనా చూడాలనుంటే భోజనాల తరువాత రండి, తెరిచి చూపిస్తాను. రాత మాత్రం నాది కాదు, మా చిన్నబ్బాయిది.